పుట్టలో పాలు, పెట్టెలో ఎలుక

పాము ఏం తింటుందో తెలియక కాదు మనం దానికి పాలు పోసేది, చూడబుద్ధి కాక. నాగుల చవితి నాడు పొద్దున్నే తలంటుకుని పుట్ట దగ్గరికెళ్తాం. కన్నంలో ఆవుపాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, కోడిగుడ్డు జారవిడిచి దణ్ణం పెట్టుకుంటాం. పాము పాలు తాగదని ఇప్పుడు బడిపిల్లలకి కూడా తెలుసు. పాములాడించేవాడి బుట్టలో పాము తాగిందంటే అది భక్తి కాదు, దాహం. రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఉంచితే ఏది కనబడినా తాగుతుంది మరి. అయినా మనం పోస్తూనే ఉంటాం. దేవుడి నోట్లోంచి ఎలుక తోక వేలాడుతుంటే దణ్ణం పెట్టడం కష్టం కదా.

ఇది పాత అబద్ధం. దీనికి తోడు ఇప్పుడో కొత్త అబద్ధం వచ్చింది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో చెన్నైలోనో ఒక ఫ్లాటు. అందులో మూడడుగుల గాజుపెట్టె. అడుగున కొబ్బరిపీచు, పైన వెచ్చటి దీపం, లోపల ఆఫ్రికా జాతి బాల్ పైథాన్ ఒకటి. మూత తీసి, తెల్ల ఎలుకని తోక పట్టుకుని లోపలికి వదులుతారు. ఫోన్ కెమెరా అప్పటికే సిద్ధం. ఎలుక నాలుగు మూలలూ వాసన చూస్తుంది, గాజుని గీకుతుంది, వెనక కాళ్ళమీద లేచి నిలబడుతుంది. పాము తల ఎత్తుతుంది. మిగతాదంతా స్లో మోషన్‌లో, వెనకాల పాటతో. కింద ఒక వాక్యం ఉంటుంది: ఇది ప్రకృతి, తట్టుకోలేకపోతే చూడకండి అని.

నా పేచీ ఆ వాక్యంతోనే. పాము ఎలుకని తినడం మీద నాకే అభ్యంతరమూ లేదు. పాముకి ఆకులూ అలములూ పెట్టమనే జాతి కాదు నాది. కానీ బతికున్న ఎలుకని గాజుపెట్టెలో వేసి దాన్ని ప్రకృతి అనడం, పుట్టలో పాలు పోసి దాన్ని నైవేద్యం అనడం లాంటిదే. రెండు చోట్లా పాము ఒక సాకు. అక్కడ మన భక్తి చూసుకుంటున్నాం, ఇక్కడ మన ధైర్యం చూసుకుంటున్నాం. పాముని మాత్రం చూడటం లేదు. ఎలుకనైతే అసలే చూడటం లేదు.

"పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం" అన్న సామెతలో ఉన్నది ఇద్దరే. గాజుపెట్టె దగ్గర ముగ్గురున్నారు. పాముది చెలగాటం కాదు, ఆకలి. చెలగాటం ఆ మూడో మనిషిది.

*

ప్రకృతి అంటే ఎలా ఉంటుందో చూడాలంటే నాయుడుపేట దాటి ఏ వైపుకైనా కాస్త దూరం వెళ్తే చాలు. ఒక పక్క స్వర్ణముఖి, చుట్టూ వరి మళ్ళు, ఇంకాస్త కిందకి పోతే నేలపట్టు, పులికాట్ సరస్సు. వరి ఉన్న చోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్న చోట పాము ఉంటుంది. కోతలయ్యాక గట్ల మీద చూడండి, ఎన్ని కన్నాలో. ఒక్కో కన్నం వెనకాల ఒక ఇల్లుంటుంది. దారులు, వెన్నులు కొరికి తెచ్చి దాచుకున్న గింజల గది, పిల్లల గది, వీటన్నిటితో పాటు ఒక దొంగదారి. ఆ దారి బయటి కొసని మన్నుతో పల్చగా మూసి ఉంచుతుంది ఎలుక. ఆపదొస్తే ఆ మన్నుని తలతో తోసుకుని అవతలికి దూకుతుంది. లోపలికి దూరిన జెర్రిపోతుకో నాగుపాముకో ఎలుక దొరకొచ్చు, దొరక్కపోనూ వచ్చు. పాము ఆకలితో వెనక్కి రావడం కూడా ప్రకృతిలో భాగమే.

గాజుపెట్టెలో దొంగదారి లేదు. పాము ఆకలితో వెనక్కి పోయే అవకాశమూ లేదు. ఎలుక పరిగెత్తడానికి చోటు లేదు, పాము పొంచి ఉండటానికి పొద లేదు. ఆట నియమాలన్నీ తీసేసి, ముగింపు ఒక్కటే ఉంచుకున్నాం. దాన్ని వేట అని ఎలా అంటారు? అరణ్యం నుంచి అరణ్యాన్ని తీసేస్తే మిగిలేది ప్రకృతి కాదు, పంజరం.

ఇక "పాముకి బతికున్నదే కావాలి, చచ్చింది తినడం దాని స్వభావానికి విరుద్ధం" అన్న వాదన. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ పాముల్ని గమనించినవాళ్ళెవరూ ఈ మాట అనలేరు. మన పొలాల్లోని రక్తపింజరినే తీసుకోండి. ఎలుకని కాటేసి వదిలేస్తుంది. పట్టుకుని కూర్చుంటే ఎలుక తిరగబడి కొరుకుతుందని దానికి తెలుసు. కాటు తిన్న ఎలుక కొంత దూరం పోయి పడిపోతుంది. పింజరి నాలుక ఆడించుకుంటూ ఆ వాసన వెంట వెళ్ళి, చచ్చి పడున్న ఎలుకని తీరిగ్గా తల వైపు నుంచి మింగుతుంది. కొండచిలువ జాతులు చుట్టలు బిగించి, రక్తప్రసరణ ఆగేదాకా పట్టి, ప్రాణం పోయిందని తేల్చుకున్నాకే నోరు తెరుస్తాయి. జెర్రిపోతు లాంటివి కొన్ని మాత్రం నొక్కిపట్టి బతికుండగానే మింగేస్తాయి, నిజమే. కానీ మన ఫ్లాట్లలో ఉన్నది జెర్రిపోతు కాదు. దాన్ని ఇంట్లో పెట్టుకుంటే నేరుగా కేసే. గాజుపెట్టెలో ఉన్న ఆ పైథాన్, ఎవరు చంపినా సరే, చివరికి మింగేది చచ్చిన ఎలుకనే. అంతే కాదు, అడవిలో పాములు తాము చంపని కళేబరాల్ని తిన్న సంఘటనలన్నిటినీ కూర్చి 2002లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక సమీక్షే రాశారు. మనం అనుకున్నదానికంటే పాములు ఈ పని ఎక్కువగానే చేస్తాయని తేల్చారు. శవాన్ని ముట్టననే పంతం పాముకి లేదు. మనమే అంటగట్టాం.

"మా పాము ఫ్రీజర్లోది ముట్టుకోదండీ" అంటారు. ఎలా పెట్టారని అడగండి. బాల్ పైథాన్‌కి పెదవుల అంచున వేడిని పసిగట్టే గుంటలుంటాయి. దానికి ఎలుక అంటే ముందు ఒక వెచ్చదనం, ఒక వాసన. మంచుముక్కలాంటి మాంసపు ముద్దని ముందు పడేస్తే అది రాయి అనుకుంటుంది, తప్పేముంది? ముందురోజు రాత్రి ఫ్రీజర్లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు కవర్లో పెట్టి వేడినీళ్ళలో ఉంచి, ఒంటివేడికి కాస్త ఎక్కువగా తేవాలి. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, లోపల ఉడికిపోయి పగులుతుంది. చీకటి పడ్డాక, పొడుగాటి పటకారుతో పట్టుకుని, కొద్దిగా కదిలించి చూపించి, ఇల్లు నిశ్శబ్దంగా ఉంచి పక్కకి తప్పుకోవాలి. తీసుకోకపోతే ఇంకో వారం ఆగాలి. ఆరోగ్యంగా ఉన్న పైథాన్ వారాల తరబడి తినకపోయినా కొంప మునగదు. అలవాటు పడటానికి ఒక్కో పాముకి నెలలు పట్టొచ్చు. నిజానికి ఇక్కడ మొండికేస్తున్నది చాలాసార్లు పాము కాదు, ఓపిక లేని యజమాని. పైగా చీకట్లో నిశ్శబ్దంగా జరిగే భోజనానికి రీల్ ఏం వస్తుంది?

ఇంకో సంగతి రీల్స్‌లో కనబడదు. ఎలుక అన్నాక పళ్ళుంటాయి. ఆకలి లేని పాము పక్కన రాత్రంతా ఎలుకని వదిలేసి పడుకుంటే, పొద్దున్నకి కొరికించుకున్న పాము కనబడుతుంది. కళ్ళు పోయినవి, వెన్ను ఎముక బయటపడేదాకా కండ పోయినవి పశువైద్యుల దగ్గరికి వస్తుంటాయి. ఆ ఎలుక చేసిన తప్పేం లేదు. నీళ్ళూ తిండీ లేకుండా పెట్టెలో పడేస్తే దొరికినదాన్ని కొరికింది. అంటే ప్రకృతి పేరు చెప్పి పాముని కూడా బలిపెడుతున్నాం.

*

ఇంత చెప్పినా "ఎలుకే కదా" అనేవాళ్ళుంటారు. చట్టం కూడా చాలాకాలం దాదాపు ఆ మాటే అంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అయిదో షెడ్యూల్లో ఎలుకనీ చుంచునీ కాకితో, పళ్ళు తినే గబ్బిలాలతో కలిపి పీడ జంతువుల కింద రాసిపెట్టింది. 2022 సవరణతో ఆ షెడ్యూలే పోయింది. కానీ అంతకంటే పాతది ఇంకో చట్టం ఉంది. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టడంతో కదలిక వచ్చి, 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం. అందులో జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్నది ఏదైనా. ఎలుక కూడా. పదకొండో సెక్షన్‌లో ఒక మాటుంది: కేవలం వినోదం కోసం ఒక జంతువుని బంధించి ఇంకో జంతువుకి ఎర చేయడం నేరం. ఒకప్పుడు అభయారణ్యాల్లో దొరలకీ టూరిస్టులకీ పులిని చూపించడానికి దూడని చెట్టుకి కట్టేసేవాళ్ళు. ఆ పనిని ప్రత్యేకంగా పేరుపెట్టి మరీ చేర్చారు ఆ సెక్షన్‌లో.

దూడ బదులు ఎలుక, పులి బదులు పైథాన్, జీపు బదులు ఫోన్. తేడా ఏముందో చెప్పండి. "కేవలం వినోదం కోసం కాదు, తిండి కోసం" అని వాదించొచ్చు, కోర్టులో అది చెల్లనూ వచ్చు. అయితే ఆ కెమెరా ఎందుకు? పాట ఎందుకు? తిండి పెట్టేవాడు పళ్ళెం చూస్తాడు, లైకులు చూడడు. ఇంతా చేసి ఆ సెక్షన్ కింద మొదటిసారి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. చట్టం దగ్గర భయపడటానికేమీ లేదు. కాబట్టి ఈ మాట మనలో మనమే తేల్చుకోవాలి.

*

ఇప్పుడు అసలు కోపం దగ్గరికొస్తాను.

నాయుడుపేట చుట్టుపక్కల ఎలుకల గురించి తెలిసినవాళ్ళు ఎవరంటే యానాదులు. నెల్లూరు సీమలో వీళ్ళు లేని ఊరు అరుదు. కోతల కాలంలో రైతు కబురు పెడతాడు. ఒక కుండ, దాని అడుగున చిల్లు, లోపల గడ్డి, నిప్పు. కుండ మూతిని కలుగుకి ఆనించి, చిల్లులోంచి ఊది పొగని లోపలికి పంపుతారు. దాన్నే ఊదర పెట్టడం అంటారు. ఊదరగొట్టడం అని మనం మాటల గురించి వాడేది అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ దొంగదారి ఎక్కడ తేలుతుందో ముందే కనిపెట్టి అక్కడో మనిషి కాచుకుని ఉంటాడు. దొరికిన ఎలుక ఒక్క దెబ్బకి పోతుంది. కలుగులో దాచిన గింజలు ఇంటికి, ఎలుక కూరకి. అందులో చెలగాటం లేదు. చెలగాటానికి తీరికా లేదు. ఇదేదో స్వర్గమని నేననడం లేదు. పొగలో ఊపిరితిత్తులు పాడవుతాయి, కలుగులో చెయ్యి పెడితే కాటేసేది ఎలుకే కానక్కర్లేదు. పేదరికం అది. కానీ ఆ పేదరికంలో కూడా చంపడానికి ఒక పద్ధతి ఉంది.

ఆ మనుషుల్ని మనం ఏమన్నాం? "ఎలకలు తినేవాళ్ళు" అన్నాం. బళ్ళో పిల్లల పక్కన కూర్చోబెట్టలేదు. మంచినీళ్ళు పైనుంచి పోశాం. అదే ఎలుకని ఇవాళ ఫీడర్ ర్యాట్ అని పేరు మార్చి, సైజుని బట్టి రేటు కట్టి అమ్ముతుంటే, డ్రాయింగ్ రూములో దాని చావుని అతిథులకి చూపిస్తుంటే, అది హాబీ అయింది. ఒకడు ఆకలికి ఎలుకని చంపితే అనాగరికం. ఇంకొకడు సరదాకి చంపించి చూస్తే అభిరుచి. ఈ లెక్క ఎవరు రాశారో వేరే చెప్పాలా?

పాముల గురించి తెలిసినవాళ్ళ సంగతీ ఇంతే. మనకి యానాదులెలాగో, సూళ్ళూరుపేట దాటి తమిళనాడు వైపు పోతే ఇరులర్లు అలాగ. చర్మాల కోసం పాముల్ని పట్టే బతుకుదెరువు 1972 చట్టంతో పోయాక, 1978లో మద్రాసు శివార్లలో సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, మట్టికుండలో కొద్ది వారాలు ఉంచి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. దేశంలో పాముకాటు మందుకి ఎన్నో ఏళ్ళుగా ప్రధానంగా ఆధారం ఆ విషమే. వాళ్ళలో ఇద్దరు, వడివేల్ గోపాల్, మాసి సడయన్, 2017లో అమెరికాలోని ఫ్లోరిడా దాకా వెళ్ళారు, అక్కడి చిత్తడి అడవుల్లో కొండచిలువల్ని పట్టడానికి. ఆ కొండచిలువలు అక్కడివి కావు. పెంపుడు జంతువుల వ్యాపారంలో ఆసియా నుంచి వెళ్ళి, పెద్దవయ్యాక విసుగెత్తిన యజమానులు వదిలేసినవి, తప్పించుకున్నవి. వాటి సంతతి అక్కడి కుందేళ్ళనీ రకూన్లనీ ఊడ్చేసింది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. గాజుపెట్టెలో మొదలైన సరదా చివరికి ఎక్కడ తేలుతుందో, ఎవరు వచ్చి సర్దాల్సి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే వివరం అక్కర్లేదు.

*

నిజమే, ఫ్రీజర్లో ఎలుక కూడా ఆకాశం నుంచి రాలి పడలేదు. దాన్నీ ఎవరో చంపారు. సక్రమంగా చేసేచోట పెట్టెలోకి కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా నింపి చంపుతారు. అది కూడా నొప్పి లేని పద్ధతేనా అని పశువైద్యుల్లో చర్చ ఉంది. సక్రమంగా చేయనిచోట బతికుండగానే ఫ్రీజర్లో పెడతారు, అది పాము నోటికంటే ఘోరం. ఒక పాముకి పదిహేను రోజులకో ఎలుక అనుకున్నా ఏడాదికి 24కి పైగా. బాల్ పైథాన్ పాతికేళ్ళు బతకడం మామూలే. అంటే ఒక్క పాము వెనక ఆరువందలకి పైగా ఎలుకలు. కవర్లో చక్కగా చుట్టి వస్తే ఆ లెక్క తగ్గదు. "నేను ఫ్రోజెన్ పెడతానండీ, నా చేతికి రక్తం లేదు" అనేవాళ్ళు పుట్టలో పాలు పోసేవాళ్ళ కొత్త తరం. వాళ్ళూ తోకని చూడదలుచుకోలేదు.

మరి తేడా ఎక్కడ? బాధ్యతలో. బతికున్న ఎలుకని లోపల వేసినవాడు చంపే పని పాముకి అప్పగించి చేతులు దులుపుకుంటాడు. ఎంతసేపు పట్టినా, ఎలా జరిగినా అది ప్రకృతి ఖాతాలో. ముందే చంపిన ఎలుకని పెట్టేవాడు, ఈ చావు నా వల్ల, కాబట్టి అది త్వరగా, భయం లేకుండా జరిగేలా చూడాల్సింది నేనే అని ఒప్పుకుంటున్నాడు. ఒప్పుకోవాలి కూడా. ఎవరు పెంచారు, ఎలా చంపారు అని అమ్మినవాణ్ణి అడగాలి. జవాబు చెప్పలేకపోతే కొనకూడదు.

"ఆదివారం చికెన్ తింటూ ఎలుక మీద జాలేంటి?" అంటారు. తింటాను. చికెన్ కొట్టువాడు కోడిని ఒక్క వేటుకి కోస్తాడు. అలా కాకుండా, దాన్నొక పెట్టెలో వేసి కుక్కని లోపలికి వదిలి, చుట్టూ జనాన్ని పోగేసి, "ఎలాగూ చచ్చేదే కదా సార్" అంటే ఆ కొట్టుకి మళ్ళీ వెళ్తారా? చావు తప్పదు అనేది ఒక మాట. చావు ఎలా ఉన్నా పరవాలేదు అనేది వేరే మాట. రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నాం.

శిబి కథ మనందరికీ తెలుసు. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒడిలో పడింది. డేగ అడిగిన ప్రశ్న ఇప్పటికీ పదునుగా ఉంది: దాని ప్రాణం కాపాడి నన్ను ఆకలికి చంపుతావా అని. శిబి డేగని దుర్మార్గుడనలేదు, పాలు తాగమనలేదు. పావురాన్ని ఎగరేసి తమాషా కూడా చూడలేదు. రెండు ప్రాణుల మధ్యకి వచ్చినవాడు తానే కాబట్టి మూల్యం తానే కట్టాలని తక్కెడ తెప్పించాడు. తొడ కోసి ఇవ్వమని నేనెవర్నీ అడగను. కానీ పాముకీ ఎలుకకీ మధ్య గాజు గోడ కట్టింది మనం. ఆఫ్రికాలో ఉండాల్సినదాన్ని ఫ్లాట్లో పెట్టింది మనం. బ్యాంకాక్ నుంచి వచ్చే సూట్‌కేసుల్లో సంచుల్లో కుక్కిన బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయంలో పట్టుబడుతూనే ఉన్నాయి. పట్టుబడనివి మన దగ్గరికే వస్తున్నాయి. 2024 నుంచి ఇలాంటి విదేశీ ప్రాణుల్ని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని నియమం వచ్చింది. పాముకి రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగితే ఎంతమంది కాగితం చూపిస్తారో మీరే అడిగి చూడండి.

కొత్తగా పాము కొనాలనుకుంటున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, కొనొద్దు. పాము మీద ప్రేమ ఉంటే పొలం గట్టుమీద దాన్ని కొట్టకుండా ఆపండి. ఎలుకల మందు తిన్న ఎలుకని తిని జెర్రిపోతులు చస్తున్నాయి, ఆ సంగతి మీ ఊళ్ళో మాట్లాడండి. ఇప్పటికే ఇంట్లో ఉన్నదాన్ని ఎక్కడా వదలకండి, ఫ్లోరిడా చాలు మనకి. దాన్ని చివరిదాకా సాకండి. ముందే చంపిన ఎలుకని, వెచ్చబెట్టి, పటకారుతో, చీకట్లో పెట్టండి. ఫోన్ పక్క గదిలో పెట్టి రండి.

ఆ ఎలుకని ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని సరిగ్గా చూడండి. దాని తోక, దాని చెవులు, మూసుకున్న కళ్ళు. ఆ పని చేయలేనివాళ్ళు పాముని పెంచకూడదు. పుట్ట దగ్గరైనా, పెట్టె దగ్గరైనా.